గాదె సరే, బొగ్గు ఎటు నుంచి పోస్తారు? కోలింగ్ టవర్‌ను మోడల్‌లో సరిగ్గా కట్టడం

మా ఇంటి మోడల్ రైలు లేఅవుట్‌లో కోలింగ్ టవర్, అంటే బొగ్గు నిల్వచేసి ఆవిరి ఇంజన్లలోకి వదిలే ఎత్తయిన గాదె, నిలబెట్టిన కొత్తలో మా మేనమామ చూడ్డానికొచ్చాడు. ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేరి, డీజిళ్లు వచ్చాక వాటి మీదే రిటైరైన మనిషి. టవర్ చుట్టూ వంగి వంగి చూశాడు. ఆఖరికి, "మంచిగనే ఉంది గని అల్లుడూ, దీంట్ల బొగ్గు ఏడికెల్లి పోస్తరు?" అన్నాడు.

నేను నీళ్లు నమిలాను. ఇంజను ఆగే చోటుంది, బొగ్గు జారే చ్యూట్లున్నాయి, పైదాకా నిచ్చెనుంది, రంగులకే మూడు వారాలు పట్టింది. బొగ్గు వ్యాగన్ వచ్చి నిలబడే పట్టా మాత్రం లేదు. గాదె కట్టి, వడ్లు పోసే దారి మర్చిపోయినట్టయింది నా పని. ఆ తర్వాత వేరేవాళ్ల లేఅవుట్లు చూస్తే చాలావాటిలో ఇదే లోపం. కిట్ డబ్బా మీద ఫొటో ఇంజను వైపు నుంచే ఉంటుంది కాబట్టి మన కళ్లూ అటే పోతాయి. నన్నడిగితే టవర్‌లో చూడదగ్గ సగం రెండో వైపున ఉంటుంది, అందులోనూ కొంత నేల కింద ఉంటుంది. ఇప్పుడు చెప్పబోయేది ఆ సగం సంగతి.

అసలు టవర్ ఎలా పనిచేసేది

దొరికే కిట్లలో ఎక్కువ అమెరికా నమూనాలే కనుక అక్కడి పద్ధతే చెబుతాను. కళ్లముందు ఒక టవర్ ఉంటే మంచిది: వెస్ట్ వర్జీనియాలో న్యూ రివర్ లోయలో థర్మండ్ అనే చిన్న ఊరుంది. అక్కడ 1922లో చెసపీక్ అండ్ ఒహాయో రైల్వే కోసం 500 టన్నుల బొగ్గు పట్టే కాంక్రీటు టవర్ లేచింది. ఇప్పుడు ఆ ఊరు జాతీయ పార్కులో భాగం, టవర్ ఇంకా నిలబడే ఉంది. కాంక్రీటు టవర్లు చాలాచోట్ల అలా మిగిలిపోవడానికి కారణం ప్రేమ కాదు, కూలగొట్టాలంటే అయ్యే ఖర్చు.

500 టన్నులంటే ఎంతో లెక్క వేసుకుందాం. అమెరికా టన్ను 2,000 పౌండ్లు, మన లెక్కలో సుమారు 907 కిలోలు. ఆ కాలపు మామూలు హాపర్ వ్యాగన్ (అడుగున తలుపులుండే బొగ్గు వ్యాగన్) 55 టన్నులది. అంటే నిండు వ్యాగన్లు తొమ్మిది వస్తే టవర్ నిండుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ప్రభుత్వం తయారుచేయించిన తేలికరకం మికాడో అనే ఇంజను టెండర్‌లో, అంటే వెనక బొగ్గు, నీళ్లు మోసే బండిలో, 16 టన్నులు పట్టేది. నిండు టవర్ అలాంటి టెండర్లు ముప్ఫై ఒకటి నింపుతుంది. మనదేశంలో చాలా షెడ్లలో ఈ పని మనుషుల నెత్తి మీదే నడిచింది. మామ మాటల్లో, "మాకాడ తట్టలే. ఆడోళ్లు మోసుకొచ్చి టెండర్ల గుమ్మరించేటోళ్లు." అమెరికాలో కూలి ఖరీదు, ఇంజన్లు పెద్దవి, అందుకే యంత్రం వచ్చింది.

బొగ్గును పైకెక్కించడానికి వాళ్లు వాడిన దారులు ప్రధానంగా మూడు.

పాతది ఏటవాలు వంతెన. కర్రతో కట్టిన ర్యాంపు మీదికి వ్యాగన్‌నే ఎక్కించి, అడుగు తలుపులు తెరిచి కిందున్న అరల్లోకి బొగ్గు వదిలేవారు. ఇంజను తోసే ర్యాంపులైతే సుమారు 5 శాతం వాలు, తాడుతో లాగే ర్యాంపులైతే సుమారు 20 శాతం. పద్ధతి తేలికే, జాగా బాగా తింటుంది.

రెండోది బకెట్ల గొలుసు. చిన్న చిన్న బకెట్లు ఆగకుండా తిరిగే గొలుసుకు వేలాడుతూ కింద బొగ్గు తోడుకుని, పైన ఒలకబోసి, ఖాళీగా దిగుతాయి. పాత సాగుబావుల మీద తిరిగిన పర్షియన్ చక్రం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

మూడోది స్కిప్ హాయిస్టు. ఒకటో రెండో పెద్ద బకెట్లు, నిలువు బావి లాంటి షాఫ్టులో పట్టాల మీద పైకీ కిందికీ నడుస్తాయి. షికాగోకు చెందిన రాబర్ట్స్ అండ్ షేఫర్, ఫెయిర్‌బ్యాంక్స్ మోర్స్ లాంటి కంపెనీలు ఇలాంటి టవర్లను రైల్వేలకు కట్టి ఇచ్చేవి. 1910ల నుంచి ఆవిరి యుగం ముగిసేదాకా కాంక్రీటు టవర్లలో ఎక్కువగా కనిపించేవి రెండో, మూడో రకాలే. మనం కట్టబోయేది మూడోది.

ఇంగ్లండ్ వాళ్ల దారే వేరు. వాళ్ల వ్యాగన్లు చిన్నవి, అందుకని ఎల్ఎంఎస్ (లండన్, మిడ్‌ల్యాండ్ అండ్ స్కాటిష్) రైల్వే పెద్ద షెడ్లలో వ్యాగన్‌ను వ్యాగన్‌గానే పైకెత్తి, శిఖరం మీద బోర్లించేవారు. ఆకారం చూసి వాటికి 'సెనటాఫ్' (యుద్ధమృతుల స్మారకం) అని పేరు పడింది. కార్న్‌ఫోర్త్‌లో ఒకటి నేటికీ ఉంది. మీది బ్రిటిష్ లేఅవుట్ అయితే కింద చెప్పే గొయ్యి లెక్కలన్నీ పక్కన పెట్టేయండి, మీకు లిఫ్టు కావాలి.

వ్యాగన్ నుంచి గాదెలోకి

గని నుంచి రైల్వే సొంత వాడకానికి వచ్చిన బొగ్గు వ్యాగన్లను షంటింగ్ ఇంజను టవర్ పక్కన ఉన్న డంప్ పట్టా మీద వదిలి వెళ్లిపోతుంది. ఇక్కడి నుంచి ఇంజనుతో పనిలేదు. చాలాచోట్ల ఆ పట్టాకు కాస్త వాలు ఉండేది. నిండు వ్యాగన్లు పట్టా కింద ఉండే బొగ్గు గొయ్యికి ఎగువన నిలబడతాయి. ఒక మనిషి చేతి బ్రేకు వదులుచేసి, వ్యాగన్ తన బరువుతో తానే దొర్లుతుంటే గొయ్యి మీద ఆపుతాడు. ఖాళీ అయ్యాక మళ్లీ బ్రేకు వదిలితే అది దిగువకు పోయి, అంతకుముందు ఖాళీ అయిన వాటి వెనక చేరుతుంది. వాలు లేనిచోట చక్రం కింద గడ్డపార లాంటి ఇనుప మీట పెట్టి అంగుళం అంగుళం జరిపేవారు, లేదా తాడు చుట్టుకునే మోటారు కప్పీతో లాగేవారు.

పట్టాల మధ్య గొయ్యి ఉంటుంది, దాని మీద బలమైన ఇనుప కమ్మీల జాలీ. హాపర్ అడుగు తలుపుల గొళ్లెం సుత్తితో కొట్టగానే బొగ్గు బుసబుసమంటూ దిగుతుంది. 55 టన్నుల హాపర్‌కు అడుగున రెండు తొట్లు. గొయ్యి పొట్టిదైతే ముందుతొట్టి ఖాళీ చేసి, వ్యాగన్‌ను కొన్ని అడుగులు జరిపి, వెనకతొట్టి తెరవాలి. జాలీ మీద ఇరుక్కున్న పెద్ద గడ్డలను సమ్మెటతో పగలగొట్టడం అక్కడి కూలీ దినచర్య. చలికాలంలో తడిసిన బొగ్గు గడ్డకట్టి వ్యాగన్ లోపలే రాయిలా నిలిచిపోతే పొడుగాటి గడ్డపారలతో పొడవడం, ఆవిరి గొట్టం దూర్చి కరిగించడం తప్పేది కాదు.

గొయ్యి అడుగు ఏటవాలుగా ఉంటుంది. బొగ్గు జారి షాఫ్టు వైపున్న తూము దగ్గరికి చేరుతుంది. నాకు బాగా నచ్చిన భాగం ఇదే: బకెట్ షాఫ్టు అడుగుకు దిగినప్పుడు దాని బరువుకే తూము యంత్రం కదిలి, ఒక బకెట్‌కు సరిపడా బొగ్గు మాత్రమే వదులుతుంది. బకెట్ పైకి లేవగానే తూము మూసుకుంటుంది. దగ్గర నిలబడి తెరిచేవాడు, మూసేవాడు అక్కర్లేదు.

రెండు బకెట్లున్న హాయిస్టు మన గిలకబావి లాంటిది. ఒకే తాడుకు రెండు కడవలు కట్టి, ఒకటి పైకొస్తుంటే ఇంకొకటి దిగడం చూసే ఉంటారు. బకెట్ల బరువు ఒకదానికొకటి సరిపోతుంది కాబట్టి మోటారు లాగాల్సింది బొగ్గు బరువొక్కటే. పైకి చేరిన బకెట్ చక్రాలు వంపు తిరిగిన గాడిలోకి వెళ్తాయి, బకెట్ దానంతటదే ఒరిగి గాదెలోకి కుమ్మరిస్తుంది. బకెట్‌కు ఒక టన్ను, నిమిషానికి ఒక బకెట్ అనుకుంటే గంటకు 60 టన్నులు. అంటే ఒక హాపర్ గంట తిరక్కుండానే ఖాళీ.

గాదె అడుగు కూడా బల్లపరుపుగా ఉండదు. బొగ్గు తన ఇష్టానికి కుప్ప పడితే సుమారు 35 నుంచి 40 డిగ్రీల వాలులో నిలుస్తుంది. అందుకని అడుగును అంతకంటే నిటారుగా కట్టేవారు, లేకపోతే మూలల్లో బొగ్గు కదలకుండా ఉండిపోతుంది. అలా నెలల తరబడి మిగిలిన బొగ్గు లోలోపల వేడెక్కి తనంతట తానే అంటుకోవచ్చు. సింగరేణి ప్రాంతంలో పెరిగినవాళ్లకు బొగ్గుకుప్పల్లోంచి పొగ లేవడం కొత్తేమీ కాదు.

ఇక ఇంజను వైపు సంగతి అందరికీ తెలిసిందే: ఎదురు బరువు కట్టిన చ్యూట్‌ను కిందికి లాగడం, తూము తెరవడం, టెండర్ నిండగానే మూయడం. దాన్ని వదిలేద్దాం.

మొదటి అడుగు: టవర్ కొనకముందే ఇంజన్లు లెక్కపెట్టండి

కిట్ అందంగా ఉందని 500 టన్నుల టవర్ తెచ్చి, నాలుగు ఇంజన్ల బ్రాంచి లైను పక్కన పెడితే, ఊరి బయట గుడిసె ముందు రాజగోపురం కట్టినట్టుంటుంది. మీ షెడ్ నుంచి రోజుకు ఇరవై ఇంజన్లు బయల్దేరి, ఒక్కోటి పది టన్నులు తీసుకుంటే 200 టన్నులు కావాలి. అంటే రోజూ నాలుగు హాపర్లు. అప్పుడు 300 టన్నుల టవర్ నప్పుతుంది, ఒకరోజు బొగ్గు రాకపోయినా బండి ఆగదు. రోజుకు నాలుగైదు ఇంజన్లే ఉంటే చిన్న కర్ర టవర్ చాలు. అంతకన్నా తక్కువైతే గొండోలా (పైన తెరిచి ఉండే) వ్యాగన్ పక్కన క్రేన్ నిలబెట్టండి, అదీ నిజమైన పద్ధతే.

ఏటవాలు వంతెన కట్టాలని సరదా ఉంటే ముందు టేపు తీసుకోండి. హెచ్‌ఓ స్కేలులో, అంటే 1:87లో, 24 అడుగుల ఎత్తు 84 మి.మీ. అవుతుంది. 5 శాతం వాలులో ఆ ఎత్తు ఎక్కాలంటే ర్యాంపు ఒక్కటే 168 సెం.మీ. కావాలి. 20 శాతమైతే 42 సెం.మీ.తో సరిపోతుంది, కానీ మీ ఇంజను అంత ఎక్కలేదు. తాడుతో లాగే మోటారు గది ఒకటి ర్యాంపు తలన పెడితే కథ సరిపోతుంది.

రెండో అడుగు: డంప్ పట్టా

ఇది ఇంజన్లు బొగ్గు తీసుకునే పట్టా కాకుండా వేరేగా ఉండాలి. నేను చేసిన తప్పు ఇదే. ఉన్న పట్టా కిందే గొయ్యి తవ్వేశాను. దాంతో హాపర్ ఖాళీ అవుతున్నంతసేపూ ఇంజన్లు క్యూలో నిలబడాల్సి వచ్చింది. అలా కట్టిన చిన్న టవర్లు నిజంగానూ ఉన్నాయి, కానీ రద్దీ షెడ్‌లో అది తలనొప్పి.

పొడవు ఎంత? 55 టన్నుల హాపర్ కప్లర్ (వ్యాగన్లను కలిపే కొక్కెం) నుంచి కప్లర్‌కు సుమారు 34 అడుగులు, హెచ్‌ఓలో 12 సెం.మీ. లోపు. ఎగువన నాలుగు నిండువి, గొయ్యి మీద ఒకటి, దిగువన నాలుగు ఖాళీవి పెట్టాలనుకుంటే 108 సెం.మీ. చేతులాడటానికి కొంత కలిపి 115 అనుకోండి, పాయింట్ల (పట్టాలు చీలే చోట్ల) జాగా దీనికి అదనం. అంత చోటు లేనివాళ్లు రెండు, ఒకటి, రెండు అని కుదించుకోవచ్చు. గొయ్యికి రెండు వైపులా సమానంగా పొడవు ఉండాలన్నది మాత్రం మానొద్దు. దిగువన చోటు లేకపోతే ఖాళీలు ఎక్కడికి పోతాయి?

వాలు సంగతి. అసలు పట్టాకు వాలు ఉందని నేనూ ఒక శాతం పెట్టాను. మోడల్ చక్రాలు నున్నగా తిరుగుతాయి, చేతి బ్రేకు ఉండదు. రెండో రోజే ఒక హాపర్ తనంతట తానే బయల్దేరి, పట్టా చివర దాటి, బల్ల మీంచి నేలకు దూకింది. మీరు పట్టాను సమంగానే వేయండి. వాలు కనిపించాలంటే పక్కన నేలను కొంచెం వాలుగా మలిస్తే చాలు, కన్ను నమ్ముతుంది.

మూడో అడుగు: గొయ్యి, జాలీ

ఇక్కడ తొందర పడొద్దు.

పట్టాలు వేయకముందే గొయ్యి చోటు గుర్తుపెట్టుకోండి. అది టవర్ షాఫ్టుకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. బొగ్గు జారి షాఫ్టులోకి పోవాలన్న సంగతి మర్చిపోయి, రెండంగుళాలు పక్కకు పెట్టినవాళ్లున్నారు. పొడవు 45 నుంచి 50 మి.మీ. అంటే అసలులో సుమారు పదమూడు, పద్నాలుగు అడుగులు. ఆ మేర స్లీపర్లు కోసేసి, కింద కార్కునో ఫోమునో 10 మి.మీ. లోతు తొలచండి. లోపలంతా మాసిన నలుపు పూస్తే పది మిల్లీమీటర్లు పాతాళంలా కనిపిస్తాయి. స్లీపర్లు పోయిన చోట పట్టాలు ఊగకుండా రెండు చివర్లా చిన్న మేకులతోనో, పీసీబీ (రాగి పొర ఉన్న సర్క్యూట్ బోర్డు) ముక్కకు సోల్డర్‌తోనో బిగించండి. పీసీబీ వాడితే రెండు పట్టాలూ షార్ట్ కాకుండా రాగి పొరను మధ్యలో గీసి తెంపడం మర్చిపోకండి.

జాలీకి ఇత్తడి వద్దు. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఎప్పుడో ఒకసారి రెండు పట్టాలకూ తగిలి డీసీసీ (రైళ్లను నడిపే డిజిటల్ కంట్రోల్) మొత్తం ఆగిపోతుంది. సన్నని స్టైరీన్ ప్లాస్టిక్ పట్టీలు, ముప్పావు మిల్లీమీటరువి, రెండు మిల్లీమీటర్ల ఎడంతో అతికించండి. పట్టాల లోపలి అంచు నుంచి ఇరువైపులా రెండు మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి, చక్రాల అంచులు నడిచేది అక్కడే. జాలీ పైతలం పట్టా పైతలం కంటే ఒక మిల్లీమీటరైనా కిందుండాలి. కేడీ కంపెనీ తరహా కప్లర్ల కింద వేలాడే వంకర తీగ జాలీకి తగిలిందంటే హాపర్ ఎగిరి పడుతుంది. మీ దగ్గరున్న ప్రతి హాపర్‌నూ, ప్రతి ఇంజనునూ దాని మీదుగా నెమ్మదిగా తోసి చూశాకే జిగురు పెట్టండి.

గొయ్యి మీద రేకుల కప్పు కొన్నిచోట్ల ఉండేది, కొన్నిచోట్ల లేదు. నేను వేయలేదు. అంత కష్టపడి జాలీ చేసి కప్పు కింద దాచడం నా వల్ల కాలేదు.

నాలుగో అడుగు: షాఫ్టు, బకెట్లు, తాడు

షాఫ్టు మూసి ఉన్న కిట్ అయితే పైన తల గది, కింద మోటారు గది ఉంటే చాలు. ఒక వైపు తెరిచి ఉన్న నమూనా అయితే రెండు బకెట్లు పెట్టాల్సిందే. వాటిని ఒకే ఎత్తులో పెట్టొద్దు. ఒకటి అడుగున ఉంటే రెండోది శిఖరాన, ఒకటి పైకి సగం దూరం వస్తే రెండోది కిందికి సగం దూరం. గిలకబావి గుర్తుంచుకుంటే తప్పు చేయరు. బకెట్లు రెండూ కింద పక్కపక్కనే కూర్చున్న మోడల్‌ని నేను ఒక ప్రదర్శనలో చూశాను. పని సామాన్యమైంది కాదు, అయినా నా కన్ను అక్కడి నుంచి కదల్లేదు.

తాడుకు మామూలు నూలు దారం వాడితే నూగు కనిపిస్తుంది, వేసవిలో వదులవుతుంది. సాగే నల్ల దారం మేలు. తాడు శిఖరం మీది గిలక నుంచి మోటారు గదిలోకి దిగాలి. గాల్లో ఎక్కడో ఆగిపోకూడదు. మోటారు గది తలుపు దగ్గర ఒక మనిషి బొమ్మ, గొయ్యి దగ్గర సమ్మెట పట్టుకున్న ఇంకో బొమ్మ. ఇంతకు మించి జనం వద్దు, ఈ యంత్రం వచ్చిందే జనాన్ని తగ్గించడానికి.

ఐదో అడుగు: బొగ్గు

అసలు బొగ్గే వాడండి. ప్లాస్టిక్ బొగ్గు మెరుపు ఎప్పుడూ సరిపోదు. ఒక గడ్డను పాత గుడ్డలో చుట్టి కొట్టి, వాడకం మానేసిన కల్వంలో నూరండి. వంటింటి రోలు జోలికి పోతే ఇంట్లో జరిగేదానికి నాది పూచీ కాదు. టీ వడపోతతో జల్లించండి. నాలుగు నుంచి ఆరంగుళాల గడ్డలు హెచ్‌ఓలో 1.2 నుంచి 1.75 మి.మీ. ఉంటాయి. అదే మన బొగ్గు. వడపోతలోంచి రాలిన పొడిని గొయ్యి చుట్టూ, షాఫ్టు అడుగున, డంప్ పట్టా స్లీపర్ల మీద చల్లండి. ఫెవికాల్‌లో మూడొంతుల నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు కలిపి చుక్కలు చుక్కలుగా వేస్తే నిలుస్తుంది.

పొడి ఎక్కడ పడుతుందో ఆలోచించి చల్లాలి. జాలీ దగ్గర ఎక్కువ, దూరం వెళ్లేకొద్దీ పలచన. షాఫ్టు గోడ మీద కింద మనిషెత్తు దాకా నలుపు. పైన బకెట్ ఒలికే చోట కిటికీల కింద నల్లటి చారలు. ఇంజన్ల వైపు వేరే రకం నలుపు: పొగగొట్టం సరిగ్గా కిందకు వచ్చే చోట గుండ్రటి మసి. ఈ రెండు నలుపులు ఒకేలా ఉండకపోవడమే టవర్‌కు ప్రాణం.

ఆరో అడుగు: ఆడించడం

నిండు హాపర్ వచ్చి, ఖాళీ హాపర్ పోవాలి. అందుకు బొగ్గును వ్యాగన్‌లో శాశ్వతంగా అతికించకండి. హాపర్ కొలతకు ఫోమ్ ముక్క కోసి, మధ్యలో ఇనుప నట్టు పొదిగి, పైన బొగ్గు అంటించండి. అయస్కాంతం తగిలించిన పుల్లతో పైకి లాగేస్తే వ్యాగన్ ఖాళీ.

మా ఇంట్లో ఆట ఇలా నడుస్తుంది. పొద్దున షంటింగ్ ఇంజను ముందు దిగువన ఉన్న ఖాళీలు తీస్తుంది, తర్వాతే ఎగువన నిండువి పెడుతుంది. ఈ వరస తిరగబడితే పట్టా బిగుసుకుపోతుంది, ఒకసారి మీరే చూస్తారు. తర్వాత ప్రతి గంటకు, అంటే ఆట కోసం వేగంగా తిప్పుకునే మా గడియారంలో గంటకు, ఒక వ్యాగన్ బొగ్గు తీసి దాన్ని చేత్తో ముందుకు జరుపుతాం. నాలుగు పూర్తయ్యాక ఖాళీల చీటీ రాసి గని వైపు వెళ్లే బండికి తగిలిస్తాం. జనవరి నెల ఆట అయితే పాచిక వేస్తాం, ఒకటి పడితే బొగ్గు గడ్డకట్టినట్టు. ఆ వ్యాగన్‌కు గంట బదులు మూడు గంటలు. అప్పుడు టవర్ కింద ఇంజన్లు ఆగిపోయి, షెడ్ చూసుకునే మా అబ్బాయి గోల మొదలవుతుంది.

మొన్న దసరాకు మామ మళ్లీ వచ్చాడు. హాపర్‌ను తనే గొయ్యి మీదికి తోశాడు, బకెట్లు చూశాడు, వేలితో జాలీ తడిమాడు. తృప్తిగా తలూపాడు. వెళ్లబోతూ ఇంజన్ల వైపు తిరిగి, "అన్నీ బాగనే ఉన్నయ్ అల్లుడూ. ఇంత బొగ్గు కాలుస్తున్నరు గదా, మరి బూడిద ఏడ పోస్తరు?" అన్నాడు.

ప్రస్తుతం యాష్ పిట్‌కు జాగా కొలుస్తున్నాను.